పిల్లలు తిన్నరా?

నారాయణఖేడ్,
14 నవంబర్ 2005

చెల్లె కృపకు అక్క రోజ రాస్తున్నది.

నీ ఉత్తరం శనివారం అందింది. పుణెలో స్వెటర్లు బయటికి తీశారని రాశావు. ఇక్కడ కూడా పొద్దున పూట చేతులు కొంకర్లు పోతున్నాయి. కందిచేలు పూత మీదున్నాయి. హాస్టల్ మోటారు మళ్లీ కాలింది, నీళ్లు ట్యాంకర్‌తో తెప్పిస్తున్నాము. ఇవన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు గానీ, అసలు సంగతి బూత్‌లో నిలబడి చెప్పేది కాదు. అక్కడ అందరూ వింటారు.

ఈ ఏడు నా దగ్గర నలభై ఇద్దరు ఆడపిల్లలున్నారు. దసరా వెళ్లగానే సగం మంది అమ్మానాన్నలు లారీలెక్కి మీ మహారాష్ట్ర వైపు చెరకు కొట్టడానికి పోయారు. చిన్నపిల్లలు రెండు రోజులు ఏడ్చి ఊరుకున్నారు. ఏటా ఉండేదే.

కంగ్టి దిక్కు పిల్ల ఒకతె ఉంది, ఎలీసబెతు. పన్నెండేళ్లు. మన చర్చి పిల్లే. తండ్రి అహరోను, తల్లి దానమ్మ, ఇద్దరూ చెరకుకే పోయారు. ఈ పిల్ల ఎక్కువ మాట్లాడదు, లెక్కలు బాగా చేస్తుంది. పోయిన బుధవారం మధ్యాహ్నం అన్నాలు పెడుతున్నాను. గుడ్లు పెట్టే రోజు కాబట్టి నాకు బాగా గుర్తు. ఎలీసబెతు గుడ్డు తీసుకోలేదు. పళ్లెం ముందు పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. తర్వాత తల ఎత్తి, "పిల్లలు తిన్నరా?" అని అడిగింది.

అది దాని గొంతు కాదు చెల్లె. బొంగురుగా, పెద్ద మనిషి గొంతు. లేచి నిలబడి, వేలు పెట్టి అందరినీ లెక్కపెట్టింది. చివర్లో తలుపు దగ్గర ఎవరూ లేని చోట వేలు చూపించి, "నలభై మూడు" అంది. ఆ తర్వాత కింద పడిపోయింది. ముఖం మీద నీళ్లు కొడితే లేచి గుడ్డు అడిగింది. ఏమీ గుర్తు లేదట.

అప్పటి నుంచి రోజూ అదే వేళకు ఇట్లాగే అవుతున్నది. నువ్వు మనసు జబ్బుల వార్డులో పనిచేస్తావు కదా. ఏం చేయాలో జల్దీ రాయి. పాస్టర్ సైమన్‌కు ఇంకా చెప్పలేదు.

నీ అక్క,
రోజ

*

పుణె,
19 నవంబర్ 2005

అక్కా,

భయపడకు. మా వార్డులో ఇలాంటివి వారానికి రెండు చూస్తాను. మోయలేని బరువు మనసు మీద పడితే అది ఒంట్లో నుంచి బయటికొస్తుంది. ఎలా వస్తుందనేది మాత్రం ఆ మనిషి పుట్టి పెరిగిన చోటును బట్టి ఉంటుంది. ఇక్కడి పల్లె ఆడవాళ్లకు దేవి ఒంట్లోకి వస్తుంది. బ్యాంకు గుమస్తాలకు గుండెలో మంట పుడుతుంది, పరీక్షలన్నీ చేస్తే గుండె బాగానే ఉంటుంది. పోయిన నెల ఒక కన్యాస్త్రీ వచ్చింది, నాలుగు నెలలుగా మాట లేదు. మన దగ్గర కోడలు అత్త మీద చెప్పలేనిది గాలి సోకినప్పుడు చెబుతుంది. మనం చూడలేదా చిన్నప్పుడు?

ఆ పిల్ల అమ్మ కోసం బెంగపెట్టుకుంది. అమ్మ అడిగే మాట తనే అడుగుతున్నది, అంతే. లెక్క తప్పడం అంటావా, నిన్ను కూడా కలిపి ఉంటుంది.

మూడు పనులు చెయ్యి. ఒకటి, పాస్టర్‌నూ మంత్రగాళ్లనూ పిలవకు. రెండు, పడిపోయినప్పుడు గుంపు కూడనివ్వకు. మూడు, కొన్నాళ్లు దాన్ని వేరుగా ఉంచు. ఇది చూస్తే మిగతా పిల్లలకు అంటుకుంటుంది. నవ్వకు, నిజంగానే అంటుకుంటుంది.

తల్లి దగ్గర నుంచి ఏమైనా కబురు వస్తున్నదా? అది రాయి.

కృప

*

నారాయణఖేడ్,
25 నవంబర్ 2005

చెల్లె కృపకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. అన్నాల వేళకు పిల్లను బియ్యం గదిలో చాప వేసి కూర్చోబెట్టాను. బయట గొళ్లెం పెట్టాను, మళ్లీ బయటికి రాకుండా. ఆ రోజు లోపలి నుంచి చప్పుడు రాలేదు. నా ప్రాణం కుదుటపడింది.

మరుసటి రోజు నేను చారు వడ్డిస్తుంటే వరసలో ఏడుగురు పిల్లలు ఒక్కసారి చేతులు ఆపారు. మొదట కల్హేర్ పిల్ల అడిగింది, "పిల్లలు తిన్నరా?" అని. తర్వాత నాతో చదువుకున్న మసూదా బిడ్డ ఉమేరా. అది ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల, "బచ్చే ఖాలియే క్యా?" అంది. నాగల్‌గిద్ద శరణమ్మ కన్నడంలో, "మక్కళు ఊటా మాడిద్రా?" అంది. మూడు భాషలు, గొంతు ఒక్కటే. అదే బొంగురు. ఎలీసబెతు వీళ్లకు కనపడకుండా రెండు గోడల అవతల ఉంది.

నువ్వు అంటుకుంటుందని రాశావు. తలుపు వేసినా అంటుకుంటుందని రాయలేదు.

ఇగ ఊరంతా వచ్చింది. మసూదా దర్గా నుంచి తాయెత్తు తెచ్చి ఉమేరా మెడలో కట్టింది. శరణమ్మ వాళ్ల మేనమామ భూమన్న ఒంటి మీదికి దేవుడొచ్చే ఒక శివసత్తిని తీసుకొచ్చి పసుపు నీళ్లు చల్లించాడు. పాస్టర్ సైమన్ నూనె రాసి మన పిల్లలకు ప్రార్థన చేశాడు. చిత్రమేమిటంటే ఎవరి మందు వాళ్ల పిల్లకు పనిచేసింది. తాయెత్తు ఉమేరాకు, పసుపు నీళ్లు శరణమ్మకు, నూనె మన వాళ్లకు. అందరికీ ఒక్క రోజే పనిచేసింది. రెండో రోజు మళ్లీ మొదలు.

తలుపు దగ్గర ఆ ఖాళీ చోటు ఉంది కదా, అక్కడ ఇప్పుడు ఏ పిల్లా కూర్చోవడం లేదు. నేను చెప్పలేదు. వాళ్లే ఒక మనిషి పట్టేంత జాగా వదిలి వరస కడుతున్నారు.

తల్లి దగ్గర నుంచి కబురంటావా, చెరకుకు పోయిన గుంపు వాళ్లు ఆదివారం హాస్టల్ ఆఫీసుకు ఫోన్ చేస్తారు. అందరి అమ్మలూ మాట్లాడతారు. రెండు వారాలుగా దానమ్మ మాత్రం మాట్లాడలేదు. పనిలో ఉందట.

రోజ

*

పుణె,
29 నవంబర్ 2005

అక్కా,

బియ్యం గదిలో పెట్టి గొళ్లెం వేశావా? వేరుగా ఉంచమంటే నీ గదిలో, నీ పక్కన ఉంచమని. పన్నెండేళ్ల పిల్లను అన్నం వేళకు బస్తాల మధ్య ఒంటరిగా పెట్టమని ఏ నర్సు చెబుతుంది?

నీకు ఇది కొత్త కాదు. అమ్మ చనిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఐదో రోజు నన్ను బోర్డింగ్ స్కూలుకు పంపించావు. "ఏడ్వొద్దు, మనం నిరీక్షణ ఉన్నోళ్లం, అమ్మను పరలోకంల చూస్తం" అన్నావు. బస్సు దగ్గరికి కూడా రాలేదు. బాధలో ఉన్న మనిషిని కంటికి కనపడకుండా చేస్తే బాధ పోతుందని నీ లెక్క. ఇరవై రెండేళ్లుగా ఈ మాట అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

తలుపు తియ్యి. ఆ గుంపు ఎక్కడ పనిచేస్తున్నదో అడిగి రాయి. నేను వెళ్లి దానమ్మను చూస్తాను. ఆవిడను ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడిస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయి.

కృప

*

నారాయణఖేడ్,
4 డిసెంబర్ 2005

కృపకు,

గొళ్లెం తీశాను. పిల్ల నా మంచం పక్కనే పడుకుంటున్నది.

గుంపు మేస్త్రీ ఇచ్చిన ఊరి పేరు, దారి వెనక పేజీలో రాశాను. మీ దగ్గర నుంచి బస్సులో మూడు గంటలట.

హాస్టళ్లు చూసే పెద్ద సారు వచ్చి చూసి పోయాడు. ఆయన ముందే పదకొండు మంది పడ్డారు. "నెలాఖరు దాకా చూస్త. తర్వాత హాస్టల్ మూసి పిల్లలను ఇండ్లకు తోలుడే" అన్నాడు. ఇండ్లంటే ఏ ఇండ్లు? అన్నిటికీ తాళాలున్నాయి. పిల్లలు పోయేది చెరకు తోటల్లోకే. అక్కడికి పోయిన పిల్ల మళ్లీ బడికి వచ్చింది నేను చూడలేదు.

ఎలీసబెతు అన్నం మానేసింది. నీళ్లు మాత్రం అడిగి అడిగి తాగుతున్నది. అది మెలకువలో ఉన్నప్పుడే తెలివిగా అంటున్నది, "వార్డెనమ్మా, నాకు ఆకలైతలేదు, నోరెండుతుంది" అని.

నువ్వు రాసిన బోర్డింగ్ సంగతికి జవాబు ఉంది. ఇప్పుడు రాయను.

రోజ

*

పుణె,
12 డిసెంబర్ 2005

అక్కా,

ఇది ఒక్కదానివే చదువు. చదివాక ఎవరికీ చెప్పకు.

నిన్న ఆదివారం వెళ్లాను. రోడ్డు పక్కనే గుడిసెలు, చెరకు ఆకుతో కప్పినవి. కంగ్టి వాళ్లు మాట వినగానే దొరికారు. మోపులు కడుతున్న ఒకామెను దానమ్మ ఏదని అడిగాను. "నీళ్లకు వోయింది" అంది. అరగంట కూర్చున్నాను. ఇంకొకామెను అడిగాను. "నీళ్లకు వోయింది." ముసలాయనను అడిగాను. ఆయనా తల ఎత్తకుండా అదే మాట. ముగ్గురూ ఒకే తీరుగా, ఒకే రాగంతో చెప్పారు.

అహరోను కొడవలి ఆపకుండానే నాతో మాట్లాడాడు. దానమ్మ చనిపోయింది అక్కా. మధ్యాహ్నం సద్దులు విప్పే ముందు కాలువకు నీళ్లకు పోయింది, పాము కరిచింది. వచ్చి అందరి మధ్య కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. రెప్పలు వాలిపోతుంటే "పిల్లలు తిన్నరా?" అని అడిగిందట. ఆ చుట్టుపక్కల పిల్లలెవరూ లేరు. ఎవరిని అడుగుతున్నదో వాళ్లకు అర్థం కాలేదు. ట్రాక్టర్ మీద దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. అక్కడే వాగు ఒడ్డున పూడ్చారు.

అది నవంబర్ తొమ్మిది, బుధవారం.

నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. గుంపు వాళ్లు ఆ తర్వాత హాస్టల్‌కు మొదట ఫోన్ చేసింది పదమూడున. ఆ ఫోన్‌లో అమ్మల గొంతుల్లో పిల్లలు ఏదో పట్టుకుని ఉంటారు, అందుకే ఏడుగురికి అంటుకుంది. అంతవరకు నేను వివరించగలను. ఎలీసబెతుకు తొమ్మిదో తారీకు మధ్యాహ్నం ఎవరు చెప్పారో వివరించలేను.

అహరోను నన్ను బతిమాలాడు. "సీజన్ అయ్యేదాక పిల్లకు చెప్పకు సిస్టరమ్మా. తెలిస్తే సదువు ఇడిచి నా దగ్గరికి ఉరికొస్తది. అందరితోని ఒట్టు వెట్టిచ్చుకున్న. నేను గూడ ఇంతవరకు ఏడ్వలేదు. ఒక్కసారి కూసుంటే మల్ల లేవ నేను" అన్నాడు. నెల రోజులుగా ఆ మనిషి ఆగకుండా చెరకు కొడుతున్నాడట, ఆదివారం కూడా.

నేను మా డాక్టర్‌ను అడిగాను. ఈ స్థితిలో పిల్లకు ఒక్కసారిగా చెప్పొద్దు, నేను సెలవు పెట్టి వచ్చాక నెమ్మదిగా చెప్పాలి అన్నారు. అప్పటిదాకా దాచు.

కృప

*

నారాయణఖేడ్,
17 డిసెంబర్ 2005

చెల్లె కృపకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. జరిగింది మొన్న గురువారం. కాబట్టి నీ మాట మీరానని అనుకోకు, నాకు అప్పటికి ఏమీ తెలియదు.

పిల్ల నీరసపడిపోతుంటే అమ్మమ్మకు కబురు పంపాను. దానమ్మను కన్నతల్లి, రిబ్కమ్మ. కంగ్టి నుంచి ఆటోలో వచ్చింది. అన్నాల వేళ. కొంగు దులుపుకుంటూ లోపలికి వచ్చి, నేను కుర్చీ వేసేలోపే తలుపు దగ్గర పిల్లలు వదిలిన ఆ ఖాళీ జాగాలో కూర్చుంది. ఆ పక్కన ఎలీసబెతు, పళ్లెం ముందు, తల వంచుకుని. ముసలామె కొంచెంసేపు దాని ముఖం చూసింది. తర్వాత దాని మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తింది.

"నీళ్లకు వోయిన దానివి నిలిచిపోతివా నా బిడ్డో... సద్ది ఇప్పిన దానివి సైసకపోతివా నా బిడ్డో... నా కంటె ముందుగాల నీకేం తొందరొచ్చెనే నా బిడ్డో..."

చెల్లె, నీళ్లకు పోయిందన్న మాట ఆమెకు ఎవరు చెప్పారు? తర్వాత నేను అడిగాను. "నాకెవ్వరు చెప్పలె. పిల్ల కూసున్న తీరు జూస్తే ఎరుకైంది. గది నా దానమ్మ కూసునే తీరు" అంది.

పాస్టర్ సైమన్ అక్కడే ఉన్నాడు. మన సంఘంలో రాగాలు తీసి ఏడవడం ఒప్పుకోరు కదా. "అమ్మా, మనకు నిరీక్షణ ఉన్నది, గిట్ల ఏడ్వొద్దు" అని ముందుకు వచ్చాడు. రిబ్కమ్మ రాగం ఆపకుండానే చెయ్యి ఎత్తి ఆగమంది. ఆయన ఆగాడు. ఎలీసబెతు ఒంట్లోంచి మొదట ఒక మూలుగు వచ్చింది. అది దాని సొంత గొంతే, చిన్నపిల్ల గొంతు. "అమ్మా" అని ఏడ్చింది. ఉమేరా వచ్చి దాని మెడ పట్టుకుంది. శరణమ్మ వచ్చింది. తర్వాత ఎవరు ఎవరి మెడ పట్టుకున్నారో తెలియదు, నలభై ఇద్దరూ ఏడ్చారు. మసూదా తాయెత్తు మార్చడానికి వచ్చి, గడపలో కూర్చుని తనూ ఏడ్చింది. అన్నం చల్లబడిపోయింది. ఒక్కరు కూడా పడిపోలేదు.

నిన్న, ఇవాళ ఏమీ కాలేదు. ఎలీసబెతు రెండు జొన్నరొట్టెలు తిన్నది. పెద్ద సారు వచ్చి చూసి, హాస్టల్ నడవనీ అని పోయాడు.

ఇప్పుడు నీకు జవాబు. నేనూ ఆ గుంపులో ఏడ్చాను, అమ్మ కోసం. ఇరవై రెండేళ్లకు. ఏడ్చినంక రాయగలుగుతున్నాను.

అమ్మ పోయిన మూడో రోజు పొద్దున నువ్వు ఇసుర్రాయి ముందు కూర్చున్నావు, అమ్మలాగా ఒక కాలు చాపుకుని. ఎనిమిదేళ్ల దానివి. నన్ను పిలిచి, "రోజా, నా ముక్కుపుల్ల గోడ గూట్లె వెట్టిన, మీ నాయినకు చెప్పకు, నువ్వు వెట్టుకో" అన్నావు. అమ్మ గొంతు. ముక్కుపుల్ల అక్కడే ఉంది. నీకు ఆ గూడు అందదు కూడా. అప్పుడు నాకు పదహారేళ్లు. నాయనకు చెబితే, "ఎవ్వరికి చెప్పకు, సంఘంల తలెత్తుకోలేం" అన్నాడు. ఆయనే నిన్ను బోర్డింగ్‌కు పంపాడు. పంపమని అడిగింది మాత్రం నేనే. నీతో ఒక ఇంట్లో ఉండలేకపోయాను.

బస్సు దగ్గరికి రాలేదని రాశావు. వచ్చాను కృపా. నువ్వు కిటికీ దగ్గర కూర్చున్నావు. నన్ను చూసి, అమ్మ జాగ్రత్త చెప్పినట్టే, "పైలం బిడ్డా" అన్నావు. నేను వెనక్కి తిరిగి ఇంటి దాకా ఉరికాను. అప్పటి నుంచి నీకు ఉత్తరాలు రాస్తాను గానీ ఫోన్‌లో నీ గొంతు వినాలంటే ఇప్పటికీ చెమట పడుతుంది. బూత్‌లో జనం వింటారన్నది సాకు.

ఎలీసబెతును బియ్యం గదిలో పెట్టింది నీ మాట తప్పుగా అర్థమై కాదు. మళ్లీ నాకు భయమైంది.

అహరోనుకు పిల్ల బాగుందని చెప్పు.

నీ అక్క,
రోజ

*

పుణె,
27 డిసెంబర్ 2005

అక్కా,

నాకేమీ గుర్తు లేదు. ఇసుర్రాయి గుర్తు లేదు, ముక్కుపుల్ల గుర్తు లేదు. బస్సు మాత్రం గుర్తుంది, నువ్వు అక్కడ లేనట్టుగానే గుర్తుంది. నీ ఉత్తరం నాలుగు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను. వేరే ఎవరైనా రాసి ఉంటే దానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలుసు. కేస్ షీట్‌లో ఒక్క లైనులో రాసేదాన్ని.

క్రిస్మస్ రోజు ఆరాధన కాగానే బస్సెక్కి చెరకు తోటకు వెళ్లాను. ఆ రోజు కూడా కొడుతున్నారు. అహరోనుకు జరిగింది చెప్పాను. పిల్లకు తెలిసిందని, ఏడ్చిందని, రొట్టె తిన్నదని, చదువు మానలేదని. అతను కొడవలి కింద పెట్టాడు. తన చేతుల వైపు చూసుకుని, "ఎట్లేడ్చిన్రు?" అని అడిగాడు.

"రిబ్కమ్మ రాగం తీసిందట" అన్నాను.

"మొగోనికి రాగం రాదు. ఈడ ఆడోళ్లు నాకు ఒట్టేసి నోరు మూసుకున్నరు, ఇగ ఇప్పుడు తెరువుమన్నా తెరుస్తలేరు. నువ్వు తియ్యి సిస్టరమ్మా. గా వాగు కాడ" అన్నాడు.

నాకు రాదని చెప్పాను. నిజంగానే రాదు. బోర్డింగ్‌లో మాకు మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకోవడం నేర్పారు. నర్సింగ్‌లో ఎదుటివాళ్లు ఏడుస్తుంటే భుజం మీద ఎంతసేపు చెయ్యి వేయాలో నేర్పారు. కానీ అతను వాగు వైపు నడిచాడు, గుంపంతా వెనక నడిచింది, నేనూ నడిచాను. దానమ్మను పూడ్చిన దిబ్బ మీద రాళ్లు పేర్చి ఉన్నాయి. కొంచెం ప్రార్థన చేసి వచ్చేద్దామని నోరు తెరిచాను.

ప్రార్థన రాలేదు. రాగం వచ్చింది. మాటలు నేను వెతుక్కోలేదు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. దానమ్మ పేరుతో మొదలై ఎటో పోయాయి. నా చెవులతో నేను విన్నాను, అది నా గొంతు కాదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు. అహరోను కూలబడి నేల మీద తల ఆనించి ఏడ్చాడు. పొద్దు వాలాక తనే లేచి వాగులో ముఖం కడుక్కున్నాడు. నేను లేవలేకపోయాను.

గుంపులో ముసలామె ఒకతె నా పక్కకు వచ్చింది. "నీది ఏ ఊరు బిడ్డా? గీ రాగం మా అవ్వలు తీసేటోళ్లు. ఇప్పుడు ఎవ్వరికి రాదు. నీకెవరు నేర్పిన్రు?" అంది. జవాబు చెప్పబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇవాళ్టికి రెండు రోజులు. వార్డులో చీటీల మీద రాసి చూపిస్తున్నాను. అరిచినందువల్ల గొంతు పట్టేసింది, వారంలో వస్తుందని డాక్టర్ అన్నారు. పేషెంట్లకు నేనూ అలాగే చెబుతాను.

జనవరి నాలుగు నుంచి సెలవు దొరికింది. ఐదున మధ్యాహ్నానికి నీ దగ్గర ఉంటాను. ఎలీసబెతును చూడాలి, నిన్ను చూడాలి. అప్పటికి నాకు మాట వస్తుందనే అనుకుంటున్నాను. వస్తే, అది ఎవరి గొంతైనా, పారిపోకు అక్కా.

కృప